టేపు కింద గీత

అశోక్ నగర్‌లో ఏ గల్లీలో రాయి విసిరినా గ్రూప్స్‌కు చదివే వాళ్ళకే తగులుతుంది. నేనూ ఒకప్పుడు ఆ రాయి తగలాల్సిన దాన్నే. నారాయణపేట దగ్గరి ఊరి నుంచి వచ్చి, హాస్టల్ చారు తాగి, ప్రిలిమ్స్ రాసి రాసి విసిగిపోయి, కార్లు మెరుగుపెట్టే ఒక షాపులో ఫోన్లు ఎత్తే పనికి కుదిరాను. ఫోన్లు వదిలేసి కార్ల మీద పడ్డాను. ఇప్పుడు అదే గల్లీలో నాకో షెడ్డు ఉంది. మా ఊళ్ళో మాత్రం మహేశ్వరి ఇంకా చదువుతూనే ఉందని చెప్పుకుంటారు.

నేను సొట్టలు తియ్యను, కొత్త రంగు వెయ్యను. కారుకు ఉన్న రంగునే మళ్ళీ బతికిస్తాను. ఈ తేడా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఇక్కడ ఒకసారే చెప్పి వదిలేస్తున్నాను. మనిషి మొహం చూసి నేను ఏమీ పోల్చుకోలేను గాని, బానెట్ చూస్తే ఆ ఇంటి సంగతి సగం తెలిసిపోతుంది.

కిషన్ రావు గారి తెల్ల కారు షెడ్డులోకి వచ్చినప్పుడు, ఆయన ఇంకా దిగకముందే నాకు ఆయన బనీను కనిపించింది. ఒంటి మీదిది కాదు, రోజూ పొద్దున కారు తుడిచే పాత బనీను. పొడిబట్టతో తుడిస్తే దుమ్ము పోదు, ఆ దుమ్మే రంగును గీకుతుంది. ఎండ పడగానే బానెట్ నిండా సన్నటి గుండ్రటి గీతలు సాలెగూడులా మెరిశాయి.

"సార్, రోజు తుడుస్తరా?" అని అడిగాను.

"ఒక్క రోజు తప్పలె!" అన్నారాయన, పతకం వేస్తారేమో అన్నట్టు ఛాతీ ముందుకు పెట్టి. "ప్యూర్ కాటన్ బనీను. మెత్తగ ఉంటది."

"ఆ ప్రేమనే కొంప ముంచింది సార్."

ఆయన విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లిలో గానసభ వెనక అపార్ట్‌మెంట్. పక్క ఫ్లాటు వాళ్ళు కొత్త కారు కొని సెల్లార్‌లో సరిగ్గా ఈయన కారు పక్కనే పెట్టారట. అప్పటి నుంచి తన కారు బూడిదలో పొర్లినట్టు కనిపిస్తోందట. అన్నం సయించడం లేదని కూడా అన్నారు. అది మాత్రం ఆయన పొట్ట చూస్తే నమ్మబుద్ధి కాలేదు.

కారు చుట్టూ తిరిగి చూశాను. ఎడమ వైపు వెనక తలుపు మీద మూరెడు పొడుగున ఒక గీత. దాని మీద ఎవరో సీసాలో దొరికే తెల్లరంగు తెచ్చి మందంగా మెత్తారు. పాలలాంటి తెలుపు మీద గోడసున్నం లాంటి తెలుపు. అది చూడగానే నా చేతులు దురద పెట్టాయి.

"ముందుగాల దీని పని పడ్త సార్."

"అది వద్దు!" ఆయన ఆ తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "కారంత అద్దంలెక్క చెయ్యి బిడ్డా. అది మాత్రం ముట్టకు."

"ఎందుకు సార్?"

"గుర్తుకు."

"దేని గుర్తు?"

"మా ఆమె డ్రైవింగ్ గుర్తు." ఆయన మీసాల్లో నవ్వుకున్నారు. "కొత్తల నేర్పుతుంటి. ఇందిరా పార్కు కాడ మక్కకంకుల బండికి రాకిచ్చింది. ఆనాటి సంది తాళం నా జేబులనే. ఆ గీత పోయిన్నాడు తాళం నీ చేతుల పెడ్త అని చుట్టాలందరి ముంగట చెప్పిన. అర్థమైంది గద? గీత పోతే నా తాళం పోతది."

గీతలు పోగొట్టమని కాళ్ళావేళ్ళా పడేవాళ్ళను చూశాను గాని, గీతను కాపాడమని వచ్చిన మనిషిని అదే మొదటిసారి చూడటం. నాకు కాలింది. అయినా కారు ఆయనది, సరేనన్నాను.

మర్నాడు కారు కడిగి ఆరబెట్టి, పాలిష్ మెషిన్ చేతిలోకి తీసుకున్నానో లేదో, షెడ్డు ముందు ఆటో ఆగింది. నేత చీర, భుజాన సంచి, ముక్కు చివర కళ్ళద్దాలతో ఒక పెద్దావిడ దిగారు. నన్ను పలకరించకుండా తిన్నగా ఎడమ వైపు వెనక తలుపు దగ్గరికి నడిచారు. ఎవరో అడగాల్సిన పని లేకుండా పోయింది.

"మహేశ్వరి అంటే నువ్వేనా? ఇది పోతదా?"

"పోతది మేడం. కని సార్ వద్దన్నరు."

"వద్దంటడు. ఎందుకనడు." ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు.

పేరు బాలత్రిపురసుందరి. నారాయణగూడలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సంచిలోంచి డ్రైవింగ్ లైసెన్సు తీసి చూపించారు. ఫొటోలో కాపీ కొట్టే పిల్లవాణ్ణి పట్టుకున్న చూపు. సాయంత్రాలు గానసభలో కచేరీ అని ఇంట్లో చెప్పి, డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళి నేర్చుకున్నారట. ఇంటికి రాగానే కిషన్ రావు గారు "కచేరి ఎట్లైంది?" అని అడిగేవారట. "జనం మస్తుండె" అని చెప్పేవారట ఈవిడ. ఆవిడ కారు నేర్చుకున్న నారాయణగూడ ఫ్లైఓవర్ కింద సాయంత్రం జనం ఎప్పుడూ మస్తుగానే ఉంటారు గనక అబద్ధమనడానికి లేదు.

"మరి లైసెన్సు చూపియ్యొచ్చు గద మేడం సార్‌కు?"

"చూపిస్తే, గిసొంటి కార్డులు ఎవరికైనా ఇస్తరంటడు. ఆయన పెట్టిన షరతు గీత. గీతనే పోవాలె." అని గొంతు తగ్గించారు. "అసలు సంగతి అది గాదు మహేశ్వరీ. స్కూలు కారుల కూసుంటే నాకు భయం లేదు. మా కారు అనంగనే చేతులు వణుకుతయి. ఆ రోజు బండి తగిలిన చప్పుడు కూడ నాకు వినపడలె. వినపడకుండ గింత పొడుగు గీకిన చేతులు రేపు ఎవరినన్న గుద్దితే? ఆ గీత చూసినప్పుడల్ల గదే అనిపిస్తది. అది కండ్ల ముందుకెల్లి పోతే తప్ప ఈ స్టీరింగు నేను పట్టలేను."

నాకు జాలేసింది. ఆయన మీద కోపమూ వచ్చింది. కానీ ఒక కారుకు రెండు నోళ్ళు ఉంటే మధ్యలో నలిగేది నేను.

"ఇంట్ల మాట్లాడుకొని ఇద్దరు ఒక్క మాట చెప్పుండ్రి మేడం. అప్పటిదాంక దాన్ని ముట్టను" అన్నాను.

మా పనిలో మెషిన్ తగలకూడని చోట కాగితం టేపు అతికిస్తాం. అద్దాల చుట్టూ రబ్బరు మీద, కంపెనీ పేరు మీద, అంచుల మీద. అలాగే ఆ గీత మీద కూడా ఈ చివర నుంచి ఆ చివరి దాకా టేపు వేసి, గోరుతో ఒత్తి అతికించాను. గాయానికి పట్టీ వేసినంత శ్రద్ధగా వేశాను.

"నువ్వు కూడ ఆయన దిక్కేనా?" అన్నారు మేడం.

"నేను కారు దిక్కు మేడం."

ఆవిడ వెళ్ళలేదు. ఇంట్లో సత్సంగమని చెప్పి వచ్చారట, అంత తొందరగా ఏ సత్సంగమూ ముగియదు గనక అక్కడే కూర్చున్నారు. పెరుగన్నం డబ్బా విప్పి నాకూ సగం పెట్టారు. నేను బానెట్ మీద బనీను పాపాలన్నీ కడిగి, పైకప్పు ముగించి, తలుపుల దాకా వచ్చేసరికి మధ్యాహ్నం వాలింది. తెల్లరంగు లోపలి నుంచి వెలుగు తేలినట్టయింది. ఎన్ని కార్లు చేసినా ఆ క్షణం నాకు పాత పడదు.

టేపులు ఒక్కొక్కటే పీకుతూ గీత దగ్గరికి వచ్చాను. చివర పట్టుకుని మెల్లగా లాగాను. టేపుతో పాటు తెల్లటి పెచ్చు కూడా లేచింది. ఆపుదామనుకునేలోపే మొత్తం ఊడి టేపుకు అంటుకుని వచ్చేసింది. ఆ రంగు పూసిన మహానుభావుడు కింద దుమ్ము తుడవకుండా, పాత పాలిష్ తాలూకు మైనం తియ్యకుండా దాని మీదే మెత్తాడు. అది ఇన్నాళ్ళు నిలవడమే గొప్ప.

ముట్టుకోవద్దన్నదాన్ని ముట్టుకోకుండా కాపాడబోయి ఊడబెరికాను. అప్పుడు తలుపు వైపు చూశాను. గీత ఉన్నచోట తెలుపు లేదు. కింద పసుపు, దాన్ని ఆనుకుని పైన నలుపు, రెండూ మూరెడు పొడుగున పక్కపక్కనే సాగిపోయి ఉన్నాయి.

మేడం లేచి వచ్చి కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఆ మక్కకంకుల బండి ఏం రంగుండె మేడం?"

"నీలం" అన్నారావిడ వెంటనే. తర్వాత వంగి ఆ పసుపును వేలితో రాసి చూశారు. "మా సెల్లార్ల పిల్లర్లకు పసుపు, నలుపు పట్టీలుంటయి. కని నేను సెల్లార్లకు ఏనాడు దింపలె. ఆ దిగుడు నీతోని కాదని, రోడ్డు మీదనే నన్ను దించి ఆయన కూసునేటోడు."

నాకు నవ్వు తన్నుకొచ్చింది గాని ఆవిడ మొహం చూసి మింగేశాను. ఆవిడ తన రెండు అరచేతులూ ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"గీకింది ఈ చేతులు కావు" అన్నారు. "ఇవి ఏం చెయ్యలె."

నేను గుడ్డ మీద రంగు కరిగించే థిన్నర్ వేస్తుంటే ఆపారు. "ఉండనీ. ఆయన చూడాలె." టేపు ముక్కను నా చేతిలోంచి తీసుకుని, మడిచి సంచిలో వేసుకున్నారు.

ఫోన్ చేస్తే కిషన్ రావు గారు గొడుగు వేసుకుని నడిచే వచ్చారు. ముందు బానెట్ చూశారు. అందులో తన్ను తాను చూసుకుని నాలుగు వెంట్రుకలూ సర్దుకున్నారు. "ఇగ చూడాలె ఆ పక్క ఫ్లాటాయన మొహం!" అంటూ ఇటు తిరిగేసరికి స్టూలు మీద భార్య కనిపించింది.

"సత్సంగమన్నవ్?"

"ఇక్కడనే జరుగుతున్నది. మీరే ఆలస్యం. ఇటు రాండ్రి." ఆవిడ తలుపు చూపించారు. "ఈ పసుపు ఏందండి?"

ఆయన గొడుగు ముడిచారు. మళ్ళీ విప్పారు. "పసుపా? దసరాకు బండిపూజ చేసినం గద. ఆ పసుపే."

"మరి నలుపు?"

"దిష్టిచుక్క."

"దిష్టిచుక్క మూరెడు పొడుగుంటదా?"

నేను నల్లా తిప్పుకుని అవసరం లేని బకెట్ కడగడం మొదలుపెట్టాను. నీళ్ళ చప్పుడులో నా నవ్వు కలిసిపోయింది. వెనక్కి తిరిగేసరికి స్టూలు మీద ఆయన కూర్చుని ఉన్నారు, ఆవిడ నిలబడి ఉన్నారు.

"ఆ రోజు పొద్దుగాల కంకుల బండి కాడ నువ్వు టక్కుమని బ్రేకు ఏసినవు" అన్నారాయన నేల చూస్తూ. "తగల్లేదు గద అని నువ్వే అడిగినవు. ఏం తగల్లె. సాయంత్రం సెల్లార్ల నేనే రాకిచ్చిన. అది కనపడకుండ ఆ రాత్రే తెల్లరంగు పూసిన. నిన్ను దింపనియ్యని కాడ నేనే గుద్దినన్న సంగతి ఎట్ల చెప్పాలె సుందరీ? మర్నాడు నువ్వు చూసి, ఇది నిన్న నేను చేసిందేనా అన్నవు. నా నోట్లెకెల్లి అవునని వచ్చింది. ఒక్కసారి వచ్చినంక ఎనకకు పోలె."

"మీరు గుద్దినందుకు కాదు నా కోపం" అన్నారు మేడం. "నా చేతుల మీద నాకే నమ్మకం లేకుండ చేసిండ్రు. దానికి కోపం."

ఆయన నిజంగానే బాధపడ్డారు, అబద్ధం చెప్పను. జేబులో చెయ్యి పెట్టారు, తాళం గలగలమంది. కానీ ఇంజనీరు గారు కదా, చివరి ప్రయత్నం వదల్లేదు. "షరతు ప్రకారమైతే... గీత ఇంక పోలె గద?"

నేను వెళ్ళి థిన్నర్ గుడ్డతో తలుపు తుడిచాను. పసుపు పోయింది, నలుపు పోయింది. మెషిన్ ఒకసారి తిప్పాను. కింద కారు రంగు చెక్కుచెదరలేదు. అసలది గీతే కాదు, కారుకు అంటుకున్న పిల్లర్ రంగు. ఆయన వంగి వెతికారు, వేలితో రాసి చూశారు, చివరికి తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టారు. బదులుగా ఆవిడ లైసెన్సు తీసి ఆయన చేతిలో పెట్టారు. ఆయన దాన్ని చదివి, "కచేరీలన్ని గివేనా?" అన్నారు నీరసంగా.

ఇంటిదాకా నువ్వూ రా బిడ్డా అని ఆయన బతిమాలితే వెనక సీట్లో కూర్చున్నాను. పాలిష్ చేసిన కారుకు తోడో, ఆయనకు తోడో తెలియదు. ఎడమ సీట్లో ఆయన దారి పొడుగునా కాలి కింద లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నారు. మేడం నిటారుగా కూర్చుని, పెదవులు బిగించి నడిపారు. మొదట చేతులు వణికాయి, నేను చూశాను. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద జామపళ్ళ బండి ఒకటి ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. బ్రేకు వేశారు. కారు మెత్తగా ఆగింది.

"తగల్లేదు గద?" అన్నారు ముందుకే చూస్తూ.

"తగల్లె" అన్నారాయన. బండి దాటాక, అడక్కుండానే, "అప్పుడు కూడ తగల్లె" అన్నారు. ఆ తర్వాత ఆవిడ చేతులు వణకలేదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే వాలు దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నారు. మేడం దింపారు. పక్క ఫ్లాటు వాళ్ళ కొత్త కారు, ఆ పక్కన ఖాళీ జాగా, దానికి ఆనుకుని పసుపు నలుపు పట్టీల పిల్లర్. దాని మూల ఒకచోట రంగు లేచిపోయి సిమెంటు కనిపిస్తోంది. మేడం కారు ఆపారు.

"దిగుండ్రి. పిల్లర్ ఎంత దూరముందో చెప్పుండ్రి. దాన్ని మీ కంటె దగ్గరికెల్లి చూసినోళ్ళు ఎవరు లేరు."

ఆయన దిగి, ఆ లేచిపోయిన మూల కనపడకుండా వీపు ఆనించి నిలబడి, "రానీ... రానీ... జర కుడికి... చాలు" అన్నారు. కారు వెళ్ళి జాగాలో కుదురుగా నిలిచింది. ఆ వెలుతురులో కూడా పక్క కొత్త కారు కంటే మాదే మెరుస్తోంది.

మేడం దిగి తలుపు వేసి తాళం తిప్పారు. ఆయన అలవాటుగా చెయ్యి చాపారు. ఆవిడ తాళం సంచిలో వేసుకుని, అందులోంచి మడిచిన టేపు ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టి, మెట్ల వైపు నడిచారు.