మొగ్గను ముక్కుకు ఆనించే పిల్ల

వడ్డేపల్లి దగ్గరి సీడు పత్తి చేలల్లో ఏసమ్మ నోటికి ఎదురు లేదు. విత్తనం కోసం పూలను సంకరం చేసే క్రాసింగు పని నడిచినన్నాళ్లూ ఆమె చెప్పుకునే గొప్ప ఒక్కటే, పదేళ్ల కూతురు నిరోష పనితనం. మొగ్గ రేకులు ఒలిచి, లోపలి ఆడ భాగం చెదరకుండా మగ భాగాన్ని గిల్లెయ్యాలి. పెద్దవాళ్లే పదింట రెండు పాడు చేస్తారు. నిరోష మొగ్గను ముక్కుకు ఆనించుకుని ఒలిచిందంటే ఒక్కటీ పోదు. బడి మానేసి పది రోజులైనా తల్లికి చింత లేదు. ఇంత ధ్యాస ఏ పిల్లకుంది, నా బిడ్డకే ఉంది అని మురిసిపోయేది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు, నిజమే. కానీ ఆ కాకి కాస్త పరకాయించి చూసుకోవద్దూ?

ఒక మధ్యాహ్నం రాధిక చేను గట్టు మీదికి వచ్చింది. మండలంలో బడులన్నీ తిరిగే స్పెషల్ టీచరు ఆమె. నిరోష బోర్డు మీది ఒక్క అక్షరమూ రాయదు, మొద్దు అని క్లాసు సారు ఆ పిల్ల పేరు రాసి పంపాడట. గద్వాలకు తీసుకెళ్లి పరీక్షలు చేయించాలంటే కాగితం మీద తల్లి సంతకమో వేలిముద్రో కావాలి.

స్పెషల్ అన్న మాట చెవిన పడగానే ఏసమ్మ ఒంటికాలి మీద లేచింది.

“నా బిడ్డకు పిచ్చా మేడం? మతిలేని పిల్లల బడికి అదెందుకొస్తది? జర సూడు, అది రెండు సాళ్లు ఒడగొట్టింది. ఈ సత్తెమ్మ, జంగమ్మ ఇంకా మొదటి సాలు కాడనే ఉన్నరు.”

రాధికకు ఇది రోజూ వినే పాటే.

“పిచ్చోళ్ల బడి కాదక్కా. కొందరికి చెవులు వినవడయి. కొందరికి అక్షరాలు తారుమారైతయి. కొందరు నడవలేరు, కొందరికి బుద్ధి మెల్లగ ఎదుగుతది. అందరికి చెప్పినట్ల చెప్తె ఎవరికి అందదో, వాళ్లకు అందేటట్ల చెప్పుడే స్పెషల్ చదువు. గంతే.”

“నా బిడ్డకు గవేం లెవ్వు.”

 రాధిక సాలులో వంగి ఉన్న నిరోషనే చాలాసేపు చూసింది. మొగ్గ ముక్కును తాకుతూనే ఉంది.

“అక్కా, ఒక్క పని చెయ్యి,” అంది చివరికి. “ఆ ఇద్దరక్కల నడుమ పోయి నిలవడు. మాట్లాడొద్దు.”

ఏసమ్మ నవ్వుకుంటూ వెళ్లి సత్తెమ్మకూ జంగమ్మకూ మధ్య నిలబడింది. సత్తెమ్మ తాటిచెట్టంత పొడుగు, ఏసమ్మ ఆమె భుజం దాకా కూడా రాదు. నిరోషకూ వాళ్లకూ మధ్య ఇరవై అడుగుల దూరం ఉంటుంది.

“నిరోషా, అగో, ముగ్గురు నిలవడ్డరు. మీ అమ్మ కాడికి పో.”

నిరోష తల ఎత్తింది కానీ కదలలేదు. మెడ ఒక పక్కకు వంచి చెవి పెట్టింది.

“అమ్మా, జర మాట్లాడు,” అంది.

ఏసమ్మ నవ్వు ఆగిపోయింది. పిల్ల చేతులు కాస్త ముందుకు చాపి, తడబడుతూ నడిచి, సత్తెమ్మకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

“నువ్వేనా అమ్మా?”

ఏసమ్మ సత్తెమ్మనూ కూతుర్నీ మార్చి మార్చి చూసింది. కని, పాలిచ్చి, పదేళ్లు పక్కలో పడుకోబెట్టుకున్న బిడ్డకు తన ముఖం ఇంత దూరం నుంచి ఎన్నడూ కనబడలేదా? నిరుడు గద్వాల బస్టాండులో పిల్ల ఎవరో ఆడమనిషి వెంట వెళ్లిపోతుంటే, పొగరెక్కిందని నలుగురిలో చెంప పగలగొట్టింది. తర్వాత ఎన్నిసార్లు కొట్టిందో లెక్కే లేదు. ఎంత పాపిష్టిదాన్ని అనుకుంది. ఇక్కడున్నానని చెప్పడానికి నోరు తెరిచింది. ఏడుపే వచ్చేలా ఉంటే కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె మాట్లాడకపోతే ఆ పిల్లకు అమ్మ లేనట్టే. నిరోష సాలు మధ్యలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

“ఎప్పటికెల్లి గిట్ల కనవడ్తలేదు బిడ్డా?” రాధిక అడిగింది.

“అందరికి గంతనే కనవడ్తది కద మేడం,” అంది నిరోష. “అందుకే గద అందరు ఒకలనొకలు పిలుసుకునేది.”

పత్తి చెట్లు విరుగుతున్నా చూడకుండా ఏసమ్మ పరుగెత్తింది. కూతురి ముందు మోకాళ్ల మీద కూలబడి, ముఖం దగ్గరికి ముఖం తెచ్చింది. అప్పుడు గానీ అది అమ్మేనని నిరోషకు తెలియలేదు. తెలిసిన మరుక్షణం పిల్ల రెండు చెంపలకూ చేతులు అడ్డం పెట్టుకుంది.

“కొట్టకమ్మా. ఈపారి మంచిగ సూస్త.”

ఏసమ్మ వెనక్కి తిరక్కుండానే, కాగితం కోసం రాధిక వైపు చెయ్యి చాపింది.