ఫారంలో లేని గడి

గడువు నవంబరు ముప్పై. ఆ రోజు ఆదివారం కాబట్టి శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పింఛను ఫారాలు ఇమ్మని సెక్షన్‌లో చెప్పారు.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో రామచంద్రం గుమస్తా. ఇరవై ఏళ్ల కిందట చేరినప్పుడు ఏ పింఛను కావాలని ఆయన్ను ఎవరూ అడగలేదు. జీతంలో కోత పడింది, ఆ సొమ్ము షేర్ మార్కెట్‌కు వెళ్లింది. ఇప్పుడు అడుగుతున్నారు. సంతకం పెడితే కొత్త పథకం. నెలకు ఇంతని ఖాయమైన పింఛను, ఆయన తర్వాత అందులో అరవై శాతం భార్యకు, భార్య తర్వాత ఎవరికీ లేదు. పెట్టకపోతే పాతదే సాగుతుంది. అందులో పింఛను ఎంతో ఎవరూ రాసివ్వరు. కానీ రిటైరైనప్పుడు పింఛను కొనడానికి కట్టిన సొమ్ము, దంపతులిద్దరూ పోయాక, బిడ్డకు తిరిగొచ్చే వీలుంది.

బిడ్డ శృతికి ఇరవై ఆరేళ్లు. పదికి మించి లెక్కపెట్టడం రాదు. రాయగలిగేది తన పేరొక్కటే. బ్యాంకులో పనికొస్తుందని తల్లి ఆండాలు ఎనిమిదేళ్లు కూర్చోబెట్టి నేర్పింది.

పక్క సీటు గంగాధరరావు సోమవారమే సంతకం పెట్టాడు.

“పెట్టేయండి రామచంద్రంగారూ. రిటైరయ్యాక కూడా టీవీలో కింద పరిగెత్తే షేర్ల అంకెలు చూస్తూ కూర్చుంటారా?”

“మీకేంది సార్. మీ తర్వాత మేడం, అంతటితోని ఖతం. నాకు ఆండాలు తర్వాత ఇంకొకతి ఉన్నది.”

గంగాధరరావు ఫారం తీసుకుని రెండు వైపులా చూశాడు. తర్వాతి పింఛను ఎవరికి అన్నచోట భార్య పేరుకే గడి ఉంది.

“అమ్మాయికి లేదండీ,” అని తిరిగిచ్చాడు.

శుక్రవారం భోజనాల వేళ రామచంద్రం ఇంటికి ఫోన్ చేశాడు.

“పాత దాంట్ల ఉంటే మన తర్వాత పైసలు శృతి పేరు మీద ఒస్తయ్.”

“ఒస్తే?” అంది ఆండాలు. “మొన్న కిరాణా దుకాణంల ఐదొందల నోటిచ్చి ఒక చాక్లెట్ తెచ్చుకున్నది. చిల్లర అడగాలని తెల్వదు దానికి.”

“కొత్త దాంట్ల అయితే నువ్వున్నన్ని రోజులు నెలనెలా ఒస్తది.”

“అయితే సర్కారుకు ఒక అర్జీ పెట్టు. ఆండాలు సావొద్దని.”

రామచంద్రం టిఫిన్ డబ్బాకు మూత పెట్టాడు.

“జర సోంచాయించి పెట్టు,” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నాలుగున్నరకు ఫారాలు పోగు చేసుకోవడానికి సెక్షన్ నుంచి ప్రసన్నకుమార్ వచ్చాడు.

“ఇస్తున్నరా సార్?”

“పది నిమిషాలు ఆగు.”

ఐదుకు మళ్లీ వచ్చాడు. రామచంద్రం పెన్ను మూత తీసి ఉంది. ఫారం మీద పేరు, ఉద్యోగి నంబరు ఉన్నాయి. సంతకం లేదు.

“కవరు మూసేస్తున్న సార్.”

రామచంద్రం ఫారం మడిచి తన బ్యాగులో పెట్టుకున్నాడు. ప్రసన్నకుమార్ వెళ్లిపోయాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషను ఎల్బీ నగర్. అక్కణ్నుంచి ఇంటికి పావుగంట నడక. ఆండాలు తలుపు తీసింది.

“ఏది పెట్టినవ్?”

“ఏదీ పెట్టలే. పాత దాంట్లనే ఉన్నం.”

“గదే మంచిదా?”

“తెల్వది.”

శృతి అప్పటికే తండ్రి బ్యాగు తెరిచింది. రాసుకోవడానికి తండ్రి ఆఫీసు నుంచి పనికిరాని కాగితాలు తెస్తాడు. ఆమె ఫారం బయటికి తీసి నేల మీద పరిచింది. ఆండాలు ఆపబోయింది.

“రాసుకోనీ,” అన్నాడు రామచంద్రం.

భార్య పేరు రాయాల్సిన గడిలో శృతి తన పేరు రాసింది. సంతకం గడిలో రాసింది. ఖాళీగా ఉన్న గడులన్నీ నింపి, ఇంకో కాగితం అడిగింది.