ప్రింగిళ్ళ బురుజు, ఎలియట్ గొర్రెలు

ఎఫీ ప్రింగిల్‌కి వారసత్వంగా దక్కిన బురుజింటికి కప్పు లేదు, కిటికీలు లేవు, ఉన్నదల్లా ఈదురుగాలి. స్కాట్లండ్ సరిహద్దుల్లో పశువుల దొంగతనమే పరువైన వృత్తిగా ఉన్న రోజుల్లో ఆమె పూర్వీకులు దాన్ని బారెడు మందం గోడలతో కట్టారు. కింద కమాను కప్పు వేసిన చీకటి కొట్టు, పైన మనుషులుండే హాలు, మూలన మెలికల మెట్లు. ఇప్పుడా గోడ గోడు వినేవాడే లేడు. గుమ్మం మీది అడ్డరాయి ఎప్పుడో పోయింది. దాని చోట పెట్టిన దూలం పుచ్చిపోయింది. మంచు పట్టేలోగా రాయి ఎక్కకపోతే ముందుగోడ మొత్తం కూలుతుందని మేస్త్రీ చెప్పేశాడు. అంత పొడుగు రాయి ఇప్పుడు ఏ క్వారీలోనూ దొరకదు.

అసలు రాయి ఎక్కడుందో మాత్రం ఊరందరికీ తెలుసు. పక్క పొలం వాట్ ఎలియట్ గొర్రెల దొడ్డి గుమ్మం మీద, ప్రింగిళ్ళ గుర్తుతో సహా, హాయిగా పడుకుని ఉంది.

"అది మా రాయి, వాట్! మీ తాత మోసుకుపోయాడు."

"మీవాళ్ళు మా ఆవుల్ని తోలుకుపోలేదూ, పిల్లా?"

"ఎప్పటి మాట! నాలుగొందల ఏళ్ళయింది!"

"అయితే? అవి ఇంకా తిరిగి రాలేదుగా."

ఎఫీ పళ్ళు కొరికింది. ఈ ఆవులు చచ్చి ఇన్ని తరాలైనా నెమరు వేయడం మాత్రం మానలేదు.

"రాయి తీస్తే దొడ్డి కూలుతుంది. చలికాలం గొర్రెల్ని నా మంచం మీద పడుకోబెట్టనా? నీ కింది కొట్టు ఖాళీయేగా."

"రాయి అడిగితే రాయితీ అడుగుతావా! అది చారిత్రక కట్టడమయ్యా!"

"ఎవరి కోసం కట్టారో? దొంగలొస్తే మనుషులు పైకి, పశువులు కిందికి. అవునా, కాదా?"

ఆదివారాలు బురుజు చూడవచ్చేవాళ్ళకి ఎఫీ గొంతు చించుకుని చెప్పేది సరిగ్గా ఈ ముక్కే.

"సరే, ఏడువు. తోలుకురా."

వారం తిరక్కుండా రాయి గుమ్మం ఎక్కింది. మేస్త్రీ ఆనుకర్రలు లాగేశాడు. గోడ కదల్లేదు. ఎఫీ ఊపిరి పీల్చుకునేలోపే వాట్ కుక్క మంద మందనీ తోసుకొచ్చింది. ముందున్న పొట్టేలు ఆమెను పక్కకి నెట్టి లోపలికి నడిచింది.

"కొత్త దొడ్డి ఎప్పుడు కడతావ్?"

"రాళ్ళు దొరకాలిగా, పిల్లా," అంటూ వాట్ బురుజు వెనక గుట్టగా కూలి ఉన్న రాళ్ళకేసి ఆప్యాయంగా చూశాడు.

"చూపు తిప్పు!" అని అరిచింది ఎఫీ.