బొడ్డేడోరింటి ఆడపడుచు

"నీ సేతిరాత ముత్యాల్లాగుంటాది గదా, నువ్వే రాసీ," అన్నాడు సాయిశంకర్, చుట్టిన చార్టు కాగితాన్ని వంటగది గట్టు మీద, చేపల గిన్నె పక్కన పెడుతూ.

ఇన్నేళ్ళ కాపురంలో అతను పెళ్ళాన్ని మెచ్చుకున్నది రెండింటికే. చేపల పులుసుకీ, చేతిరాతకీ. రెండూ ఆదివారమే గుర్తొస్తాయి మహానుభావుడికి. హేమశ్రీ ఇప్పుడు రాయాల్సింది వాళ్ళ వంశవృక్షం. మామగారు సన్యాసిరాజు పోయి ఏడాది దాటింది. అనకాపల్లి దగ్గర పల్లెలో ఆయన పేరున ఉన్న పొలం వారసుల పేరుకి మారాలంటే, ఆ భూమి మొట్టమొదట ఎవరి పేరున ఉందో పాత రికార్డుల్లో వెతికి, అక్కణ్ణుంచి ఇప్పటివాళ్ళ దాకా చెట్టు గీసి తెమ్మన్నారు రెవెన్యూ ఆఫీసువాళ్ళు.

"ఇంకో మాట. దేవి పేరు ఎట్టకు."

దేవి అతని ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడు వదిలేసి పోయాక కంచరపాలెంలో అద్దె గదిలో ఉంటూ, పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్ముకుంటోంది. నాన్న పొలంలో ఒక గది వేసుకునేంత చోటు ఇమ్మని అన్నని అడిగింది. అదీ ఆమె చేసిన నేరం.

"అదేటండి, మావయ్యగారి కూతురే కదా?"

"కాదన్నానేటి? పెళ్ళి సేసి పంపేసినాం, ఇంటిపేరు మారిపోనాది. యల్లపోరి సెట్టు మీద దానికేటి పని? పేరెట్టినావంటే రేపు పెతీదానికీ దాని సంతకం కావాల." చెప్పులేసుకుంటూ మరొకటి తగిలించాడు. "ఆ పాత పేరేదో కూడా నువ్వే ఎతుకు. కూకునే వుజ్జోగమే గదా నీది, లీవెట్టీ."

కూర్చునే ఉద్యోగమట. గాజువాకలో బస్సెక్కితే పోర్టు దాకా నిలబడే వెళ్ళాలని, అక్కడ షిప్పింగు ఏజెంటు ఆఫీసులో కంటైనర్ల కాగితాలతో కళ్ళు పోగొట్టుకుని, మళ్ళీ నిలబడే ఇంటికొచ్చి, పొయ్యి ముందు మరోసారి నిలబడాలని అతనికి ఎవరు చెప్పాలి? లీవు అడిగితే మేనేజరు నవ్వాడు. "మళ్ళీ లీవా మేడమ్? మీవారికి లీవులుండవా?" ప్రశ్న మంచిదే. అడగాల్సిన మనిషి వేరు.

ఆ పల్లె సంగతి చెబితే నవ్వొస్తుంది. పాపం, అది ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. మొదట ఒక తాలూకా కింద ఉండేది. దాన్ని ఇంకో తాలూకాలో కలిపారు. మండలాలు వచ్చినప్పుడు మూడో చోటికి తోశారు. మొన్నీమధ్య జిల్లాలు విడగొట్టి, విశాఖపట్నం నుంచి తీసి అనకాపల్లికి ఇచ్చారు. గీత మారినప్పుడల్లా కాగితాలు బీరువా మారాయి. హేమశ్రీ వాటి వెనకాల తిరిగింది. ఒకచోట "ఇక్కడ లేదమ్మా, పాత ఆఫీసులో అడుగు" అంటారు. పాత ఆఫీసులో "అన్నీ కొత్త జిల్లాకి పంపేశాం" అంటారు. ఎండలో షేర్ ఆటో కోసం నిలబడి ఆమె ఆ పల్లె గురించే ఆలోచించేది. గీత మార్చేముందు ఒక్కరైనా దాన్ని అడిగారా? పెళ్ళినాడు తన ఇంటిపేరు తీసి యల్లపు అని రాసినప్పుడు తనని మాత్రం ఎవరడిగారు? నాన్న పిలిచే పేరు మీద కూడా అత్తింటివాళ్ళు ఇంకో పేరు పెట్టబోతే, అదొక్కటి పడనివ్వలేదు. ఆ ఒక్క మొండితనం చేసినందుకు ఇప్పటికీ లోపల సంతోషంగా ఉంటుంది.

ఎక్కడ అడిగినా ఒకే మాట. ఆ సర్వే నంబరుకి పాత రోజుల్లో యల్లపు వాళ్ళెవరూ లేరు.

"తాలూకా మారినప్పుడు పుస్తకం పోయుంటాది," తేల్చేశాడు సాయిశంకర్, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇంకో ఆఫీసుకెళ్ళు. తిరిగితే గానీ దొరకవు ఇలాంటియి."

తిరిగేది ఎవరో మరి.

ఇంతలో పల్లెలో, మామగారి పాత ఇంట్లో పేరంటాలికి చీర పెట్టే రోజు వచ్చింది. ఆ ఇంట్లో ఎప్పుడో ముత్తయిదువగా పోయిన ఒక తల్లికి ఏడాదికోసారి కొత్త చీర, గాజులు, పసుపు, అన్నం పెట్టి పిలుస్తారు. పిలవడం ఆడవాళ్ళ పని. మగవాళ్ళు భోజనాల వేళకి వస్తారు. పిలుపయ్యాక ఆ చీరని ఇంటి ఆడపడుచు కట్టుకోవాలి, అప్పుడే పేరంటాలికి చేరినట్టు. అందుకని దేవి కంచరపాలెం నుంచి వచ్చి, తల దువ్వుకుని, పీట మీద కూర్చుంది. చెట్టు మీద పనికిరాని ఆడపడుచు పీట మీద మాత్రం కావాలి.

అత్తగారు చిలకమ్మ దీపం వెలిగించి, ఎప్పటిలాగే గొంతెత్తి పిలిచింది. "బొడ్డేడోరింటి ఆడపడుసా, గంగాలమ్మ పేరంటాలా, సీర కట్టుకో, పసుపు రాసుకో, నీ ఇంటికి నువ్వు రా తల్లీ."

హారతి పళ్ళెం పట్టుకున్న హేమశ్రీ ఆగిపోయింది. ఈ ఇంటిపేరు యల్లపు కదా, మరి బొడ్డేడోరెవరు? పెళ్ళైనప్పటి నుంచీ ఏటా వింటున్న మాటలే. విన్నదెప్పుడని? పాయసం మాడుతోందేమో, పిల్లకి ఆకలేస్తోందేమో అని చెవులెప్పుడూ వంటింట్లోనే ఉండేవి.

"అత్తా, కోడల్ని కదా పిలుస్తన్నాం. నీ ఇంటికి నువ్వు రా అంతన్నావేటి?"

చిలకమ్మ మగవాళ్ళున్న అరుగు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "ఆయమ్మ కోడలు గాదే. కూతురు. మీ మావకి నాయనమ్మ. ఈ ఇల్లూ పొలమూ వోళ్ళ నాన్న ఆయమ్మకిచ్చినాడంట. మొగుడు గురువులే యల్లపోరి నుంచి ఇల్లరికం వొచ్చినాడు. మా అత్త నాకు సెప్పింది. మొగోళ్ళకి నామోషీ అని నాను పైకనను."

పీట మీద దేవి కొత్త చీర అంచు వేళ్ళకి చుట్టుకుంటూ తల్లినే చూస్తోంది. "మరి నాకెప్పుడూ సెప్పనేదేటమ్మా?" అంది. చిలకమ్మ దీపం ఒత్తి సరిచేసింది.

హేమశ్రీకి ఒళ్ళు మండిపోయింది. ఇన్ని ఆఫీసుల మెట్లెక్కి తను వెతికింది మొగుడి ఇంటిపేరు. దొరకదు మరి. ఆ పేరు ఆ భూమిలోకి అల్లుడిగా వచ్చింది.

మర్నాడే, మేనేజరు మొహం కూడా చూడకుండా లీవు పెట్టి, మొట్టమొదట వెళ్ళిన ఆఫీసుకే మళ్ళీ వెళ్ళింది. బొడ్డేడ గంగాలమ్మ అని అడిగింది. మధ్యాహ్నానికల్లా నకలు చేతికొచ్చింది. ఏ పుస్తకమూ పోలేదు. తాలూకాలు మారినా, జిల్లా మారినా ఆమె పేరు ఉన్నచోటే ఉంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది ఆ రోజు, గాజువాక దాకా కూర్చునే వచ్చింది.

ఆదివారం వంట చెయ్యలేదు. పొద్దున్నే చార్టు హాల్లో నేల మీద పరిచి, ముత్యాల్లాంటి అక్షరాలతో పైన బొడ్డేడ గంగాలమ్మ అని రాసింది. కిందికి గీతలు దించుకుంటూ వచ్చి, సన్యాసిరాజు కింద రెండు పేర్లు పక్కపక్కనే, ఒకే సైజులో రాసింది. సాయిశంకర్, దేవి. తన పేరు రాయాలనిపించలేదు. తన చెట్టు వేరే ఎక్కడో ఉంది. అమ్మ వాళ్ళమ్మ పేరు తెలియదని ఇప్పుడే తట్టి, సిగ్గేసింది. ఆ వెతుకులాటకి మళ్ళీ లీవు పెడుతుంది, ఈసారి తన కోసం.

సాయిశంకర్ వచ్చి చూశాడు. "ఇదేటి, పైన ఆడమనిసి? గురువులు తాత పేరెట్టు."

"పెడితే రికార్డుతో కలవదు. ఆవిడ పేరుతోనే మీకు పొలం," అని నకలు చేతికిచ్చింది.

చదివాడు. మొహం ఎర్రబడింది. మళ్ళీ చదివాడు. పక్క గదిలో చిలకమ్మ కదలకుండా వింటోందని ఇద్దరికీ తెలుసు.

"సరే, అదుండనీ," అన్నాడు చివరికి. "దేవి పేరు కొట్టీ. నువ్వు కొట్టకపోతే నాను కొడతాను. పెన్నిలా తే."

హేమశ్రీ లేచి, పెన్ను మూత తీసి మరీ అతని చేతిలో పెట్టింది.

"కొట్టండి. కూతుర్ని కొట్టీయాలంటే మాత్రం, పైనుంచి మొదలెట్టండి."