మొనకు పెట్టిన పేరు

కాఫీ డబ్బాలోంచి తీసిన చీటీ విప్పి చూసుకున్నప్పుడు వెల్డా క్రౌడర్ ముఖంలో ఏ మార్పూ కనిపించలేదు. చీటీ మీద డెల్మర్ హాగ్ పేరుంది. ఇక ఈ రోజంతా ఆమె పడవలో వెనక సీటు అతనిది. పాత మిల్లు బాస్ చేపల క్లబ్బులో ఎవరూ కోరి ఎంచుకోని జోడీ అతను. చేపలు పట్టడం రాక కాదు, బాగానే పడతాడు. కాకపోతే పట్టిన ప్రతి చేపకూ ఓ పురాణం విప్పుతాడు.

"అదృష్టం పండింది డ్రైవరమ్మా," అన్నాడు డెల్మర్, పడవలోకి తన గేలాలు అందిస్తూ. వెల్డా స్కూలు బస్సు నడుపుతుంది. ఆమె బస్సు మలుపు తిరగడం చూసి జనం గోడ గడియారాలు సరిచేసుకుంటారని ఊళ్లో ఒక మాట ఉంది.

"చేపలకు చెవులుండవేమో గాని నాకున్నాయి. అది గుర్తు పెట్టుకో," అంది వెల్డా.

శరదృతువులో జరిగే ఈ ఆఖరి పోటీకి కప్పు ఉండదు. గెలిచినవాళ్లకు దక్కేది ఒక కలం. ఆనకట్ట కట్టినప్పుడు లోయ మొత్తం మునిగింది. పొలాలూ, రోడ్డూ, వాటి పేర్లూ నీళ్ల కిందికి పోయాయి. ఒకప్పటి కొండ అంచులు ఇప్పుడు నీళ్లలోకి పొడుచుకొచ్చిన మొనలయ్యాయి. ఎరలమ్మే కొట్టు గోడకు చెరువు పటం ఒకటి వేలాడుతుంది. ఏటా గెలిచినవాళ్లు పేరులేని మొనను ఒకదాన్ని ఎంచుకుని, దాని పక్కన తమకు తోచిన పేరు రాస్తారు. రాసిన పేరును మళ్లీ ఎవరూ చెరపరు. అందుకే ఆ పటంలో కుంటి బాతు మొన ఉంది, అత్తగారి మూల ఉంది, పాస్టరు జారిన చోటు కూడా ఉంది.

తూర్పు ఒడ్డున పాత రోడ్డు నీళ్లలోకి దిగిపోయే మొనకు ఇంకా పేరు లేదు. వెల్డా, ఆమె అక్క నడీన్ ఇన్నేళ్లూ చేపలు పట్టింది అక్కడే. ఫిబ్రవరిలో నడీన్ పోయింది. ఆ మొన పక్కన అక్క పేరు రాయాలని వెల్డా అనుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. తాను గెలిస్తే అదే మొనకు తన కుక్క బిస్కెట్ పేరు పెడతానని డెల్మర్ మాత్రం వేసవి నుంచీ కనిపించినవాళ్లకల్లా చెబుతున్నాడు. ఆ కుక్క అక్కడ ఒకసారి పడవలోంచి జారి పడిందట. చరిత్రలో నిలవడానికి అంతకంటే ఏం కావాలని అతని వాదన.

వెల్డాకు గెలుపు మీద సందేహం లేదు. ఆ మొన కింద రోడ్డు ఎక్కడ వంగుతుందో, పక్క కాలువలో రాళ్లు ఎక్కడ కూలి ఉన్నాయో ఆమెకు తన వంటింటి నేలలా తెలుసు.

పొద్దున్న ఉత్తరపు వాగులో మొదలుపెట్టారు. పడవ ఎవరిదైతే చోటు వాళ్లే ఎంచుకోవాలి, చేపలు మాత్రం ఎవరివి వాళ్లవే. పడవ అడుగున నీళ్ల తొట్టిలో రెండు అరలున్నాయి, ఎడమది ఆమెది, కుడిది అతనిది. ఒక్కొక్కరికి ఐదు చేపలకే అనుమతి, వాటి మొత్తం బరువు ఎవరిది ఎక్కువైతే గెలుపు వాళ్లది. ఆరోది పడితే ఆ క్షణమే ఏదో ఒకదాన్ని నీళ్లలోకి వదిలేయాలి. అరలో ఆరు కనబడితే ఆ మనిషి పట్టిన ఒక్క చేప కూడా తూకానికి ఎక్కదు. మూడు గంటలకు, తూకం చూసే ఓటిస్ గ్రిమ్ గంట కొట్టేసరికి రేవు తాడు దాటి లోపలికి రాని పడవకూ అదే గతి.

మధ్యాహ్నం గాలి పడమటికి తిరిగింది. వెల్డా ఎదురుచూస్తున్నది దాని కోసమే. పడవను నేరుగా మొన దగ్గరికి తీసుకెళ్లి, రబ్బరు పురుగు ఎరను పాత రోడ్డు వంపులోకి విసిరి, అడుగుకు దిగనిచ్చింది. ఆ తర్వాత కదపలేదు. వేశామన్న సంగతి మర్చిపోయేదాకా ఎరను అలాగే పడుండనివ్వాలని నడీన్ అనేది. దారం పక్కకు జరగడం మొదలైంది. వెల్డా కర్ర ఎత్తింది. పైకొచ్చిన చేపను చూసి డెల్మర్ మొదటిసారి మాట మానేశాడు.

అలాంటివే మరో రెండు వచ్చాయి. రెండున్నర దాటేసరికి వెల్డా అరలో ఐదు మంచి చేపలున్నాయి. డెల్మర్ అరలోనూ ఐదున్నాయి. కానీ వాటిలో ఒకటి కొలబద్ద మీద కనీస పొడవుకు బొటాబొటిగా సరిపోయిన పిల్ల చేప. వెల్డా మనసులో లెక్క చూసుకుంది. తనదే పైచేయి. గేలం కర్ర పక్కన పెట్టి ఇంజను వైపు వంగింది.

"ఇంకొక్కటే," అన్నాడు డెల్మర్.

ఆమె చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

ఫిబ్రవరి తర్వాత ఈ పడవలో ఆ మాట వినబడలేదు. నడీన్ రోజూ అదే అనేది. ఆ ఒక్కటీ ఇంకో ఒక్కటికి దారితీసేది, ఆ తర్వాత మరొకటి. అలా గంట మోగాక రేవు చేరి తూకం పోగొట్టుకున్న పోటీలున్నాయి. అలా జరిగిన ప్రతిసారీ నడీన్ ఓటిస్ ఎదుట నిలబడి, రెప్ప వాల్చకుండా, ఇంజను మొరాయించిందని చెప్పేది. వెల్డా పక్కన నిలబడి చెప్పులు చూసుకునేది. అసలు కారణం పడవ దాటి బయటికి పోలేదు.

వెల్డా గడియారం చూసింది. ఎదురుగాలిలో నడి చెరువుకు అడ్డంగా కొట్టుకుంటూ పోతే ఇంకో విసురుకు వ్యవధి ఉంది. రెండోదానికి లేదు.

"వెయ్యి. ఒక్కటంటే ఒక్కటే."

అతను రోడ్డు వంపు వైపు కాకుండా, కూలిన రాళ్ల మీదికి విసిరాడు. వెల్డా అయితే అక్కడ వేసేది కాదు. నడీన్ అయితే ఎక్కడైనా వేసేది. ఎర నీళ్లను తాకిందో లేదో కర్ర విల్లులా వంగింది. డెల్మర్ కాళ్లు తన్నిపెట్టి దారం చుట్టుకుంటూ వచ్చాడు. వెల్డా చేతివల అందుకుని వంగి, చేపను కింది నుంచి ఎత్తి పడవలో వేసింది. ఎదుటివాడి చేపకు వల పట్టడం పడవ మర్యాద. బరువైన చేప. డెల్మర్ దాన్ని తొట్టిలో వేసి మూత దబ్బున మూశాడు. ఆమె తాళం తిప్పి పడవను రేవు వైపు మళ్లించింది.

నడి చెరువులో అలలు పడవను ఎత్తెత్తి కొడుతున్నాయి. వెనకనుంచి డెల్మర్ పురాణం అప్పుడే మొదలైంది. సగం దారిలో వెల్డాకు తాను విన్న చప్పుళ్లు గుర్తొచ్చాయి. మూత ఒకసారి తెరుచుకుంది, ఒకసారి మూసుకుంది. ఆ రెంటికీ నడుమ చేప ఏదీ నీళ్లలో పడిన చప్పుడు లేదు.

అరలో ఆరున్నాయి.

రేవు దూరంగా కనబడుతోంది. ఆమె ఏమీ చేయనక్కర్లేదు. పడవను ఇలాగే పోనిస్తే చాలు, మిగతాది ఓటిస్ చూసుకుంటాడు. పటం పక్కనున్న కలం ఆమె చేతికొస్తుంది. అక్క పేరులోని ఒక్కొక్క అక్షరం ఆమె మనసులో ఎన్నోసార్లు రాసుకున్నదే. వాటిని ఈ చేత్తో, ఇలా గెలిచిన చేత్తో రాయడం ఊహించుకుంది. రాత కుదరలేదు.

ఇంజను తగ్గించింది.

"ఏమైంది? మొరాయించిందా?" అన్నాడు డెల్మర్.

"నీ అరలో చేపలు లెక్కపెట్టు."

అతను మూత ఎత్తి చూశాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది. పిల్ల చేపను వెతికి పట్టుకునేసరికి చేతులు జారుతున్నాయి. దాన్ని నీళ్లలోకి వదిలి తడి చేతులతోనే కూర్చున్నాడు. నెమ్మదిగా అన్నాడు:

"చెప్పకపోతే నువ్వే గెలిచేదానివి కదా వెల్డా."

"చెప్పినా గెలుస్తాను. నిన్ను త్రాసు మీద ఓడించాలి గాని రూలు మీద కాదు. గట్టిగా పట్టుకో."

ఓటిస్ గ్రిమ్ గంట తాడు పట్టుకుని ఉండగానే పడవ ముక్కు లోపలికి వచ్చింది.

తూకంలో వెల్డా సంచి అప్పటిదాకా ఎక్కినవాటన్నిటినీ దాటింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత డెల్మర్ సంచి ఎక్కింది. ముల్లు ఊగి, ఊగి, ఆమె అంకెకు కాస్త అవతల ఆగింది. తేడా కొన్ని ఔన్సులే. ఓటిస్ రెండోసారి తూచాడు. అంకె మారలేదు.

వెల్డా చెయ్యి చాచింది. డెల్మర్ ఆ చెయ్యి అందుకుని ఊపుతూనే ఉన్నాడు, వదల్లేదు.

"చెయ్యి నాకు కావాలి డెల్మర్. సోమవారం బస్సు తోలాలి," అంది.

అందరూ కొట్టులోకి నడిచారు. అప్పటికే ఎవరో కుక్కలా మొరిగారు, మిగతావాళ్లు నవ్వారు. డెల్మర్ కలం తీసుకుని తూర్పు ఒడ్డు మీద వేలు పెట్టాడు. వెల్డా వెనక నిలబడి అతని భుజం మీదుగా చూసింది. ఓడినవాళ్లు కూడా పేరు రాయడం చూసి వెళ్లాలన్నది క్లబ్బు పద్ధతి. ఆ పద్ధతి తప్పే మనిషి కాదామె. బిస్కెట్ పేరు చదవడానికి తనను తాను సిద్ధం చేసుకుంది.

డెల్మర్ కలం ఎత్తి కాసేపు ఆగాడు. తర్వాత వంకర టింకర అక్షరాలతో రాశాడు: ఇంకొక్కటి.

"కుక్కకు వచ్చే ఏడాది చూస్తాలే. నన్ను గెలిపించింది ఈ మాటే. ఈమె ఆ ఒక్కటీ వెయ్యనివ్వకపోతే నేనిక్కడ ఉండేవాణ్ణి కాదు," అన్నాడు డెల్మర్ అందరి వైపూ తిరిగి.

జనం ఒప్పుకున్నారు. మంచి పేరన్నారు. ఆ ఒక్కటీ వేయబోయి ఇళ్ల దగ్గర తిట్లు తిన్నవాళ్లే అందరూ. వెల్డా పటం దగ్గరికి వెళ్లి ఆ అక్షరాలను మరోసారి చదివింది. సిరా ఇంకా ఆరలేదు.

బయట పడవను బండి మీదికి లాగుతుంటే ఓటిస్ వచ్చి తాడు బిగించడానికి సాయం పట్టాడు. ముసలాయన మాటలు పొదుపు. ముడి వేశాక ఇంజను మీద అరచేత్తో తట్టాడు.

"మొత్తానికి ఈసారి ఇది మొరాయించలేదు."

వెల్డా తాడు చివర లాగి చూసుకుంది. ముడి గట్టిగానే ఉంది.

"ఇది ఎప్పుడూ మొరాయించలేదు ఓటిస్," అంది.