స్నెజానా పట్టిన తప్పులు

వేసవి వచ్చిందంటే టీవీలో కెప్టెన్ గలాబోవ్ కూడా వచ్చేస్తాడు. ఏటా అదే పాత సీరియల్, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక భాగం. నలుపు తెలుపుల్లో, వియన్నా నగరంలో, బల్గేరియా కోసం గూఢచారిగా ప్రాణాలకు తెగించి సిగరెట్లు కాలుస్తూ ఉంటాడు. ఆ సీరియల్ కథ నా వయసు వాళ్ళందరికీ కంఠతా వచ్చు. అందుకే కథను ఎవరూ చూడరు, తప్పులు చూస్తారు. తలుపు దగ్గర ఎడమ చేతికున్న కట్టు గదిలోకి వచ్చేసరికి కుడి చేతికి మారుతుంది. ఫోను ఎత్తినప్పుడు గుబురుగా ఉన్న మీసం ఫోను పెట్టేసేలోపు పలచబడుతుంది.

మా ఇంట్లో ఈ తప్పులన్నీ స్నెజానావి.

స్నెజానా నా భర్త అస్పరూహ్‌కి మొదటి భార్య. నేను ఈ ఇంటికి రావడానికి చాలా ముందే పోయింది. ఆమె జాడీల్లోనే నేను మిరపపండ్ల పచ్చడి పెడతాను. ఆమె పరదాలే ఉతుకుతాను. మా ఆనవాయితీ ప్రకారం ఏటా వర్ధంతికి గుమ్మం తలుపు మీద ఆమె ఫొటో ఉన్న కాగితం అంటిస్తాం, దానికి జిగురు రాసేదీ నేనే. వీటిలో దేనికీ నాకు బాధ లేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం గలాబోవ్ చేతి కట్టు మారగానే అస్పరూహ్ మెత్తబడిన గొంతుతో, "ఇది స్నెజానా పట్టింది" అంటాడు చూడండి, అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోతుంది.

కింది అంతస్తులో ఉండే మా ఆడపడుచు వెనేతా ప్రతి ఆదివారం పుచ్చకాయతో వస్తుంది. "ఆ పిల్ల కళ్ళా, గద్ద కళ్ళా!" అంటూ వంత పాడుతుంది.

నేను చేతులు ముడుచుకుని కూర్చున్నానని అనుకోకండి. వచ్చిన మొదటి వేసవిలోనే, "చూడండి! ఇందాక సిగరెట్టు సగం కాలింది, ఇప్పుడు నిండుగా ఉంది!" అని అరిచాను.

"అది వేరే సిగరెట్టు, రదా" అన్నాడు అస్పరూహ్. రదోస్తినా అనే నా పేరుని అతను ఎప్పుడూ అలాగే కుదిస్తాడు. "మధ్యలో గంట గడిచింది. గోడ మీద నీడ ఎంత జరిగిందో చూడు."

అతను రిటైరైన సర్వేయరు. నీడ చూసి పొద్దు చెబుతాడు, పొద్దు చూసి నా నోరు మూయిస్తాడు. మరుసటి ఏడు చేతిసంచి మాయమైందన్నాను. కుర్చీ కింద ఉందని చూపించాడు. ఆ తర్వాతి ఏడు నిజంగానే ఒక కిటికీ పట్టాను, మూసి ఉన్నది మాట మధ్యలో తెరుచుకుంది. "అది స్నెజానాదే, అమ్మాయ్" అంది వెనేతా, పుచ్చకాయ గింజ ఊస్తూ.

అన్నిటికన్నా పెద్దది కోటు జేబు. ఆరో భాగంలో గలాబోవ్ కోటుకి గుండె మీది జేబు ఎడమవైపు ఉంటుంది, ఏడో భాగంలో కుడివైపు. ఇది పట్టినందుకు అప్పట్లో టీవీ పత్రికలో స్నెజానా పేరు పడింది. ఏడో భాగం వచ్చే రోజున మా ఇంట్లో ఇప్పటికీ జాతర వాతావరణమే.

ఈ ఏడు ఆరో భాగం వచ్చిన రోజు వెనేతాకి పంటి నొప్పి. పుచ్చకాయ లేదు, దాన్ని కోసే సందడీ లేదు. నేను టీవీ పక్కనే నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. గలాబోవ్ ఒక దర్జీ కొట్టుకి వెళ్ళాడు. ఏ ఏడూ ఆ సీను మేం సరిగ్గా వినలేదు, సరిగ్గా అక్కడే పళ్ళేలు పంచుకునేవాళ్ళం. ముసలి దర్జీ కోటు విప్పించి, లోపలి బట్టను వేళ్ళతో నలిపి చూసి, "లోపల ఇంకా కొత్తగానే ఉంది. వచ్చే వారం రండి" అన్నాడు.

ఇస్త్రీపెట్టె నా చేతిలో ఆగిపోయింది. చొక్కా కాలర్ కొంచెం కమిలింది కూడా.

మా అమ్మ మా నాన్న కోటుకి అదే చేయించింది. బయటి వైపు వెలిసిపోయాక కుట్లన్నీ విప్పి, బట్టను తిరగేసి మళ్ళీ కుట్టిస్తే కోటు కొత్తదైపోతుంది. ఎటొచ్చీ జేబు మాత్రం కుడివైపుకి వచ్చేస్తుంది, బొత్తాలూ పక్క మారతాయి. అంటే గలాబోవ్ కోటులో తప్పే లేదు. తప్పు స్నెజానాది!

ఆ వారమంతా నా అంత మంచి మనిషి మా ఊళ్ళో ఇంకొకరు లేరు. పలచటి పిండి పొరల్లో జున్ను పెట్టి బనిత్సా చుట్టాను. వెనేతా పంటికి లవంగ నూనె పట్టుకెళ్ళాను. "ఒంట్లో బాగానే ఉందా?" అని అస్పరూహ్ అనుమానంగా అడిగాడు.

ఆదివారం ఏడో భాగం మొదలైంది. కుడివైపు జేబుతో గలాబోవ్ మెట్లు దిగాడు.

"అదుగో! స్నెజానా జేబు!" అని వెనేతా చప్పట్లు కొట్టింది.

"తప్పు కాదది" అన్నాను. "కోటు తిరగేసి కుట్టించాడు. పోయిన వారం దర్జీ కొట్టు సీను అందుకే ఉంది."

వెనేతా చప్పట్లు ఆపి పళ్ళెం ఒళ్ళోకి తీసుకుంది.

"పత్రికలో పడిందే!" అంది వెనేతా.

"పత్రికవాళ్ళు కూడా పుచ్చకాయ తింటూ ఉండి ఉంటారు, వదినా."

"పోయినదాని మీద నీకెందుకే అంత కడుపుమంట?"

"నేను కోటు గురించి మాట్లాడుతున్నాను."

"నేనూ కోటు గురించే అడుగుతున్నాను" అని పళ్ళెం బల్ల మీద టక్కున పెట్టి, భాగం పూర్తి కాకుండానే కిందికి వెళ్ళిపోయింది.

అస్పరూహ్ టీవీ గొంతు తగ్గించాడు. నీడలు, గంటలు, కొలతలు మొదలవుతాయని నడుం బిగించాను.

"నాకు తెలుసు, రదా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"కోటు సంగతి. మొదటిసారి చూసినప్పుడే తెలుసు. మా నాన్న కోటూ అలాంటిదే."

"మరి ఆవిడకి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? జేబు కనిపించగానే సోఫా ఎక్కి గెంతింది. పై ఇంటివాళ్ళు దిగొచ్చారు, ఏమైందోనని. ఆ తర్వాత పత్రికలో పేరు పడింది." మీసం దువ్వుకున్నాడు. "అంత సంతోషంగా ఉన్న మనిషికి ఎవరు చెబుతారు?"

వారమంతా కూడబెట్టుకున్న గెలుపు ఆ ఒక్క మాటతో పోయింది. పత్రికలో పేరు కంటే, గద్ద కళ్ళ కంటే పెద్దది ఉందన్నమాట ఆమెకి. తప్పుగా పట్టినా ఊరుకునే మొగుడు.

"నాకు మాత్రం గోడ మీద నీడ చూపిస్తావు" అన్నాను.

"నువ్వు చదువుకున్నదానివి కదా, నిజం చెబితే ఇష్టపడతావనుకున్నాను."

ఆ వారం బనిత్సా లేదు, ఇస్త్రీ లేదు. పెరట్లో కుంపటి ముందు కూర్చుని మిరపపండ్లు కాల్చాను. అవి ఎంత నల్లబడ్డా నా కచ్చ తీరలేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. వెనేతా కూడా వచ్చింది. అలిగినా సీరియల్ మానుకునే మనిషి కాదు. ఎనిమిదో భాగంలో గలాబోవ్ రైల్లో వెళుతూ కిటికీలోంచి తల బయట పెడతాడు. గాలికి టోపీ ఎగిరిపోతుంది. అది పొలాల మీదుగా దొర్లుకుంటూ పోవడం అందరికీ ఎంతోసేపు కనిపిస్తుంది. తర్వాత స్టేషన్లో ఉత్త తలతో దిగుతాడు.

దిగగానే నేను లేచి నిలబడ్డాను.

"దొరికింది! టోపీ! రైలెక్కినప్పుడు ఉంది, ఇప్పుడు లేదు. పెద్ద తప్పు!"

వెనేతా నోట్లో పుచ్చకాయ ముక్క అలాగే ఉండిపోయింది. "నిద్రపోతున్నావటే? ఇప్పుడేగా ఎగిరిపోయింది! అందరం చూశాం!"

నేను ఆమె వైపు చూడలేదు. అస్పరూహ్ వైపే చూస్తున్నాను. జీవితమంతా పొలాల గట్లు కొలిచి, జానెడు తేడా వచ్చినా మళ్ళీ కొలిచిన మనిషి. అతను టీవీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ టీవీ వైపు చూశాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది.

"అవును" అన్నాడు.

"అవునేమిట్రా?" అంది వెనేతా.

"తప్పే అక్కా. ఎగిరింది వేరేవాళ్ళ టోపీ. ఇన్నేళ్ళుగా మనకెవరికీ కనపడలేదు." గొంతు సవరించుకున్నాడు. "రదోస్తినా పట్టింది."

"నీ కళ్ళకేమైనా అయిందా?"

"నా కళ్ళకేం? బాగానే ఉన్నాయి" అంటూ, చెవులు ఎర్రగా మండుతుండగా, చేతికందిన పుచ్చకాయ ముక్కను గింజలతో సహా నమిలేశాడు.

నేను సోఫా ఎక్కి గెంతలేదు, నా మోకాళ్ళు ఒప్పుకోవు. నెమ్మదిగా కూర్చుని లంగా సర్దుకున్నాను. స్నెజానా కోసం అతను నోరు మూసుకుని ఊరుకున్నాడు, అంతే కదా. ఇంత సిగ్గుమాలిన అబద్ధం, అదీ సొంత అక్క ముందు, ఆమె కోసం ఎన్నడూ ఆడి ఉండడు.