కవరు తియ్యని మొక్కలు

ఆయన ప్యాంటుకి ఒక్క మోకాలి దగ్గరే మట్టి. ఫొటో కోసం నేలకి ఆనించిన మోకాలది. బడి పిల్లల తోట ప్రారంభోత్సవం మర్నాడు దాన్ని రుద్దుతూ, తన గోళ్ళలో మట్టి మాత్రం ఏ సబ్బుకీ లొంగదని ఆమె నవ్వుకుంది.

ఊరంతా ఆయన్ని తోటల దాత అంటుంది. బడి పిల్లలు చెట్టుని తాకి చదువుకోవాలన్న ఊహ మాత్రం ఆమెది. మిద్దె మీద విత్తనాలు నాటి, పురుగులు ఏరి, ఎండకి గోనెలు కప్పి పెంచిన చేతులూ ఆమెవే. "మా కోడలికి మొక్కల పిచ్చి. పనీపాటా లేదుగా," అని అత్తగారు వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. ఆ పనీపాటా లేని మనిషి ఇంటిల్లిపాదికీ వండి వార్చి, అంట్లు తోమి, అప్పుడు మిద్దెక్కేది. నాటే రోజున కవరు చింపి, వేళ్ళు సడలించి గుంటలో పెట్టాలని పనివాళ్ళకి చూపిస్తూ ఉండగానే ఆయన పిలిచాడు. పెద్దమనుషులు భోజనానికి వస్తున్నారట.

"ఇంటికెళ్ళి వంట సంగతి చూడు. ఇక్కడ నువ్వు చేసేదేముంది, మట్టి కప్పడమేగా."

నెల తిరిగేసరికి, రోజూ నీళ్ళు పోస్తున్నా మొక్కలు తలలు వాల్చేశాయి. ఆమె ఒకదాన్ని తవ్వి చూసింది. లోపల నల్ల కవరు అలాగే ఉంది. అయ్యగారే తొందరపెట్టారు, కవర్లతోనే పాతేశామని తోటమాలి నసిగాడు. కవరు కోసింది. చోటు లేక ఒకదాన్నొకటి చుట్టుకున్న వేళ్ళు, కవరు పోయినా కవరు ఆకారంలోనే ఉండిపోయాయి. సడలించబోతే పుటుక్కున తెగాయి. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. మొక్క కోసమే ఏడుస్తున్నానని తోటమాలి అనుకుంటే అనుకోనీ అనుకుంది.

మధ్యాహ్నం ఆయన అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"పోతే పోయాయి, ఆ పూటకి బాగున్నాయిగా. సోమవారం పిల్లలొచ్చేలోపు మిద్దె మీదవి దింపించు. మొక్కలకేం, నువ్వున్నావుగా."

మిద్దె మీద ఇంకో తోటకి సరిపడా ఉన్నాయి. ఆమె గ్లాసు నింపి ఆయన ముందు పెట్టింది.

"లేనండీ," అంది.

ఆయన వినలేదు. ఇంకాస్త కూర వెయ్యమన్నాడు. వేసింది. సాయంత్రం నీళ్ళ బకెట్టు మెట్ల దగ్గరే ఉండిపోయింది. పైన అవన్నీ తన కోసం చూస్తుంటాయని తెలిసీ ఆమె మిద్దెక్కలేదు.